ఇరవైనాలుగు వోల్టులు

పగలంతా కట్టుడు పండ్లు చేస్తాను,
మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో, మెట్ల కింది ల్యాబులో.
రాత్రి తొమ్మిది దాటాక అదే బల్ల మీద
మీటర్‌గేజ్ రైలుపెట్టె ఒకటి బయటికి తీస్తాను.
జానెడు పొడుగు.

తలుపు పక్క పట్టుకునే కడ్డీకి
వంకరపండ్లను సర్దే తీగ అచ్చం సరిపోయింది.
కిటికీకి మూడేసి ఊచలు.
ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటీ అతికిస్తుంటే
పదకొండోది తుమ్ముకు ఎగిరిపోయింది.
మోకాళ్ల మీద పాకి గదంతా వెతికాను.
దొరికింది చీపురుపుల్ల. అదే పెట్టేశాను.
ఎవరికి తెలుస్తుంది?
పడుకున్నాక లేచొచ్చి పీకేశాను.

రంగు మరీ పెళ్లికొడుకులా ఉంది.
డికాక్షన్, ఇంత ఇటుకపొడి,
దేవరకద్ర ప్లాట్‌ఫాం చివర తవ్వి తెచ్చిన ఎర్రమన్ను
పాత బనీనులో జల్లించి వేలికొనతో రుద్దాను.
పెట్టె ఒక్క రాత్రిలో
ఇరవై ఎండాకాలాలు తిన్నది.

ఇక దీపాలు.
ఆవగింజంత ఎల్ఈడీలు ఎనిమిది.
మరీ ఆసుపత్రి తెలుపు, పసుపు మార్కర్‌తో మందలించాను.
చక్రాలకు రాగిరేకు తాకించి
పట్టాల్లోంచి కరెంటు గుంజి
కక్కసు గోడ చాటుగా కప్పులోకి ఎక్కించాను,
వెంట్రుక లాంటి తీగతో.

వెలిగాయి.
వెలిగి, వణికాయి.
పట్టా మీద నలుసున్న చోటల్లా రెప్ప కొట్టాయి.
స్పిరిట్‌తో పట్టాలు తుడిచాను, చక్రాలు తుడిచాను,
చివరికి వణుకు మాన్పే కెపాసిటర్ కోసం
గడియారం చౌరస్తా దాకా నడిచి వెళ్లొచ్చాను.

మరునాడు కురుమన్న వచ్చాడు,
నడిమికి విరిగిన పైసెట్టును దస్తీలో మూటగట్టుకొని.
బండ్ల పెట్టెల్లో దీపాలు చూసే ఫిట్టరుగా చేసి దిగినోడు.
అతికేదాకా కూర్చోమన్నాను.
బల్ల మీద పెట్టెను చూశాడు.
అందరూ కిటికీల్లోకి చూస్తారు.
ఆయన నడుం వంచి కిందికి చూశాడు.

"డైనమో యేది బిడ్డా?"

పెట్టలేదు. అడుగున ఎవరు చూస్తారని.

"మరి దీపమెక్కడిది?
ఇరుసు తిరిగితే బెల్టు తిరగాలె, బెల్టుతోని డైనమో.
బండి ఉరికితేనే ఎలుగు.
క్రాసింగుకు నిలవడ్డదనుకో, ఇగ బ్యాటరీదే భారం.
ముసలి బ్యాటరీ ఎంతసేపు మోస్తది?
బల్బుల ఎర్రటి తీగ ఒక్కటే కనవడేది.
నీయి వణుకుతున్నయని బాధపడుతున్నవా?
గదే అసలుది. మాన్పకు."

మళ్లీ తనే అందుకున్నాడు.
"బల్బులు ఎత్కపోయేటోళ్లు బిడ్డా!
ఇంట్ల పెడితే టప్పున పేలేది, ఇరవైనాలుగు వోల్టులది గద.
ఖరాబుదేమో అనుకొని
మల్లొచ్చి ఇంకోటి ఎత్కపోయేటోళ్లు."

నవ్వాడు. పండ్లులేని నోరు
దీపం లేని కిటికీలా తెరుచుకుంది.

"ఒక్క కిటికీ చీకటిగనే ఉంచు.
అన్నీ ఎలిగిన పెట్టె
నా సర్వీసుల గద్వాల దాటంగ చూడలే."

ఆయన సెట్టు గట్టిపడేలోగా
మిగిలిన చిగురురంగు అక్రిలిక్ ముక్కను
డైనమోగా అరగదీశాను. నల్ల రంగు పూశాను.
పండ్లకు వేసే రబ్బరు బెల్టయింది.
ఐదో దీపం తీగ తెంపాను.
కెపాసిటర్ సొరుగులో పడి ఉంది,
సైజు కుదరని దవడపండ్ల మధ్య.

సెట్టు పెట్టుకొని రెండుసార్లు కొరికి చూశాడు, టక్, టక్.
నేను బండి నడిపాను.
బల్ల చివర, అగ్గిపెట్టెల స్టేషను దగ్గర
మీట మెల్లగా వెనక్కి తిప్పాను.
చక్రాలు నింపాదించాయి, దీపాలు సన్నబడ్డాయి,
ఒకటి అసలే లేదు.

కురుమన్న ఏమీ అనలేదు.
ఆగిన పెట్టెనే చూస్తూ
అంగీ జేబు తడుముకున్నాడు,
టెస్టరు కోసం కాబోలు.